నలభై ఒక్క రద్దు కాగితాలు

"చెక్కు తెచ్చారా?"

కూర్చోమని కూడా అనకుండా సేల్స్ మేనేజర్ అడిగిన మొదటి మాట అది.

మామగారు జేబులోంచి చెక్కు బుక్కు తీసి బల్ల మీద పెట్టాడు గానీ, దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా వదల్లేదు. అల్లుడు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన కళ్లలో ఎవరూ తడి చూడలేదు.

"తెచ్చాను. చూడాల్సింది చూసాక రాస్తాను," అన్నాడు.

"ఈవిడెవరు?"

"నా తరఫు మనిషి."

డిటెక్టివ్ తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. యాభై నాలుగేళ్లావిడ. పదహారేళ్లు బ్యాంకులో సంతకాలు సరిచూసి, ఒక దొంగ సంతకం విషయంలో పైవాళ్లతో పడక ఉద్యోగం మానేసి, సొంతంగా ఈ పని పెట్టుకుంది. పోలీస్ స్టేషన్లో ఆవిడ వెనకాల 'భూతద్దం' అంటారు. ఆవిడకి తెలుసు. అలాగే అననిచ్చింది.

మామగారు ఆవిణ్ని పెట్టుకున్నది అల్లుడి చావు సంగతి తేల్చడానికి కాదు. మొదటి రోజే మొహం మీద చెప్పేశాడు. "వాడెలా పోయాడో నాకక్కర్లేదమ్మా. వాడు ఉద్యోగంలో చేరేటప్పుడు నేను హామీ సంతకం పెట్టాను. ఇప్పుడు కంపెనీ వాళ్లు నా పీక మీద కూర్చున్నారు. దాన్నుంచి బయటపడెయ్యి చాలు."

"ముందు ఈ బాకీ ఎలా వచ్చిందో చెప్పండి," అంది డిటెక్టివ్.

మేనేజర్ విసుగ్గా వెనక్కి వాలాడు. నలభై దాటాయి. చొక్కా మీద ముడతన్నది లేదు. నడుముకి తాళాల గుత్తి వేలాడుతోంది.

"నీళ్ల ఫిల్టరు అమ్మగానే సేల్స్‌మన్‌కి కమీషన్ మొత్తం ముందే ఇచ్చేస్తాం. కస్టమర్ ఏడాది పాటు వాయిదాలు కడితేనే అది అతను సంపాదించినట్టు లెక్క. మధ్యలో ఆర్డర్ రద్దు చేసుకుంటే, ఇచ్చిన కమీషన్ వెనక్కి కట్టాలి. ఇతను మానేశాక నలభై ఒక్క మంది రద్దు చేసుకున్నారు. ఒక్కోదానికి ఎనిమిదివేల ఐదొందలు. మొత్తం మూడు లక్షల నలభై ఎనిమిదివేల ఐదొందలు."

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎంతమంది రద్దు చేసుకున్నారు?"

"గుర్తులేదు."

"ఇద్దరు. పది నెలల్లో ఇద్దరు. మానేసిన మూడు వారాల్లో నలభై ఒక్క మంది."

"అబద్ధాలు చెప్పి అంటగట్టినవి ఎప్పటికైనా తిరగబడతాయి మేడమ్. మా దగ్గర మానేసిన ప్రతివాడూ ఇదే పాట. తినేటప్పుడు తీపి, కక్కమంటే చేదు."

"ఆ రోజు అతను ఇక్కడికి ఎన్నింటికి వచ్చాడు?"

"అవన్నీ పోలీసులకి చెప్పాను."

"నాకూ చెప్పండి. చెక్కు బుక్కు బల్ల మీదే ఉంది."

మేనేజర్ చూపు ఒకసారి మామగారి చేతి మీదకి పోయి వచ్చింది. "ఒంటిగంటా యాభైకి వచ్చాడు. రిజిస్టర్లో ఉంది. గడువు కావాలని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. కుదరదన్నాను. రెండు గంటలకి నాకు కింద ఫ్లోర్లో మీటింగ్. పదకొండు మంది ఉన్నారు. మూడింటి దాకా కదల్లేదు. రెండూ ముప్ఫై అయిదుకి అతను వెనక సందులో జనరేటర్ పక్కన పడ్డాడు. మేడెక్కి దూకాడని ఇన్‌స్పెక్టర్ గారే తేల్చారు. జేబులో మా నోటీసు దొరికింది. ఇంకేం కావాలి?"

"మీటింగ్‌లో సినిమా వేశారటగా?"

"సినిమా కాదు, ట్రైనింగ్ వీడియో."

"లైట్లార్పి, ఇరవై ఎనిమిది నిమిషాలు. రెండూ ఇరవై నుంచి రెండూ నలభై ఎనిమిది దాకా. చీకట్లో పదకొండు మందిలో ఎవరు ఎక్కడున్నారో ఎవరు చూస్తారు?"

మేనేజర్ నవ్వాడు. పళ్లు కనిపించాయి గానీ కళ్లు కదల్లేదు. "మీరు వస్తున్నారని తెలిసి ఇన్‌స్పెక్టర్ గారికి ఫోన్ చేశాను. దార్లో ఉన్నారు. ఈలోగా చూసేవి ఏవో చూసి, రాసేది రాసి దయచెయ్యండి."

"రద్దు కాగితాలు చూడాలి. అన్నీ అసలువి."

"ఫైళ్ల గదిలో ఉన్నాయి. ఫోన్లు రిసెప్షన్లో ఇచ్చి రావాలి. ఫొటోలు తియ్యకూడదు."

"ఆ కాగితాలు ఎవరూ మార్చే వీల్లేదుగా?" డిటెక్టివ్ మామూలుగానే అడిగింది. "రేపు కోర్టుకెళ్తే అడుగుతారు."

"ఆ గదికి ఒకటే తాళంచెవి. ఆరేళ్లుగా ఈ నడుము దిగలేదు." మేనేజర్ గుత్తిని గలగలలాడించాడు. "నేను లేకుండా చీమ కూడా లోపలికి పోదు."

"ఆ రోజు కూడా?"

"ఏ రోజైనా."

డిటెక్టివ్ చిన్న పుస్తకంలో ఆ మాట రాసుకుని, చదివి వినిపించి, కింద సంతకం పెట్టమంది. అదంతా కాగితాలకి రక్షణ అనుకున్నాడేమో, మేనేజర్ ఒక గీత గీకి పారేశాడు.

*

ఫైళ్ల గది నాలుగో అంతస్తు చివర. దానిపైన మేడే. మూడు గోడలకీ ఇనప ర్యాకులు, నాలుగో గోడకి పక్కకి జరిపే అద్దాల కిటికీ. కిటికీకి ఊచల్లేవు. మేనేజర్ తాళం తీసి, ఒక లావుపాటి ఫైలు బల్ల మీద పడేసి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బల్ల మీద నుంచి దుమ్ము లేచింది.

డిటెక్టివ్ ఒక్కో కాగితం తిప్పుతూ పోయింది. అన్నీ ఒకే అచ్చు ఫారం. 'నా ఆర్డర్‌ని నా ఇష్టప్రకారం రద్దు చేసుకుంటున్నాను.' కింద పేరు, తారీఖు, సంతకం.

పదిహేడో కాగితం దగ్గర మామగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి."

కాగితం దగ్గరగా పట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు.

"ఇది నా పేరు," అన్నాడు.

"మీదేనా సంతకం?" అంది డిటెక్టివ్.

"నాదే. కానీ నేను పెట్టలేదు. వాడు ఉద్యోగంలో చేరాక మొట్టమొదటి ఫిల్టరు నాకే అమ్మాడు. ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. పోయిన నెల కూడా వాయిదా కట్టాను. రసీదుంది." కాగితాన్ని మేనేజర్ వైపు తిప్పాడు. "రద్దు చేసుకుంటే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు?"

గుమ్మం దగ్గర్నుంచి మేనేజర్ అన్నాడు. "పెద్దాయనా, వయసైపోయింది. సంతకం పెట్టి మర్చిపోయుంటారు."

"హామీ పత్రం ఇవ్వండి. ఆయన సంతకం చేసింది," అంది డిటెక్టివ్.

అదీ అదే ఫైల్లో ఉంది. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుతురు కోసం కిటికీ అద్దానికి ఆనించింది. రెండు సంతకాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోయాయి. చివర గీత ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది.

"పదహారేళ్లలో కొన్ని వేల సంతకాలు చూశాను," అంది డిటెక్టివ్. "మనిషన్నవాడు ఒకేలా రెండుసార్లు సంతకం పెట్టలేడు. ఇలా కలిసిందంటే, ఒకటి పెట్టుకుని రెండోది దిద్దారన్నమాట."

మామగారు ఆ అద్దం వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మాట్లాడిన మాటలు ఆవిడతో కాదు, తనతో తనే అనుకున్నట్టు అన్నాడు.

"ఆ రోజు పన్నెండింటికి నా ఇంటికొచ్చాడు. 'మామయ్యా, నేను బాకీ లేను, వాళ్లెవరూ రద్దు చేసుకోలేదు, ఒక్క పది నిమిషాలు వినండి' అన్నాడు. గడప కూడా తొక్కనివ్వలేదు. నా కూతురి మెడకి గుదిబండవయ్యావురా అని తలుపేశాను. అవతల కాసేపు నిలబడ్డాడు. నాకు వాడి కాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి, తలుపు సందులోంచి."

ఒక్కసారిగా మేనేజర్ వైపు తిరిగాడు.

"వాడు కాళ్లు పట్టుకోవడానికి రాలేదిక్కడికి. కస్టమర్ల ఇళ్లకి తిరిగి పందొమ్మిది మందితో తన డైరీలో రాయించుకున్నాడు, మేం రద్దు చేసుకోలేదని. సంతకాలతో సహా. ఆ డైరీ నా కూతురి దగ్గరుంది. నేనే దాన్ని చించి పొయ్యిలో పెట్టమన్నాను. ఇవ్వలేదు నా తల్లి."

"అన్నయ్యగారూ, ఇక చాలు," అంది డిటెక్టివ్.

చాలా ఆలస్యంగా అంది. మేనేజర్ మొహంలో ఏమీ మారలేదు. గుమ్మాన్ని ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు, అంతే.

"అలాంటిదేదైనా ఉంటే హెడ్డాఫీసుతో మాట్లాడాలి. ఇక్కడే ఉండండి," అని బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు. ఆ వెనకే తాళం తిరిగిన చప్పుడు.

మామగారు పోయి తలుపు లాగాడు. కదల్లేదు. "వీడికేం రోగం? లోపల పెట్టి తాళమేశాడేంటి?"

డిటెక్టివ్ కిటికీ దగ్గరే ఉంది. కాగితాలు పట్టుకున్నప్పుడే చూసింది. ఇప్పుడు వంగి చూస్తోంది. గదిలో ప్రతి ర్యాకు మీదా వేలు పెడితే గీత పడేంత దుమ్ము. కిటికీ గట్టు మాత్రం తుడిచిన అద్దంలా ఉంది.

"అన్నయ్యగారూ, ఈ అల్యూమినియం పట్టీ చూడండి. ఎందుకిలా వంగింది?"

మామగారు బొటనవేలితో తడిమాడు. "లోపల్నుంచి బయటికి వంగింది. గట్టి బరువేదో దీని మీదుగా ఒరుసుకుంటూ పోయింది. రాపిడి గీతలు కూడా బయట వైపుకే ఉన్నాయి." అలవాటైన పనిలా చెప్పేశాడు. చెప్పాక కిందికి చూశాడు.

సరిగ్గా కింద, వెనక సందులో, జనరేటర్ పచ్చ రేకు కనిపించింది.

ఆయన గట్టు మీద రెండు చేతులూ ఆన్చాడు.

డిటెక్టివ్ తలుపు బాదడం మొదలుపెట్టింది. చివరి అంతస్తు, మధ్యాహ్నం భోజనాల వేళ. వినే నాథుడు లేడు.

*

ఇరవై నిమిషాల తర్వాత బయట బూట్ల చప్పుడైంది.

"లోపలెవరు?" ఇన్‌స్పెక్టర్ గొంతు.

"మీరు రాయని సాక్షులం. తలుపు తీయించండి."

"భూతద్దం మేడమ్ గారా? కంపెనీలో జొరబడి గొడవ చేస్తున్నారని కంప్లయింట్ వచ్చింది. తాళమేసి మంచిపనే చేశారు."

"అయితే తాళంచెవి అడగండి."

కాసేపు మాటలు, పరుగులు. మళ్లీ ఇన్‌స్పెక్టర్ గొంతు, ఈసారి కొంచెం చిరాగ్గా. "మేనేజర్ లేడు. ఇంకో తాళంచెవి లేదట."

"లేదు. ఆ సంగతి ఆయనే సంతకం పెట్టి ఇచ్చాడు. పగలగొట్టించండి, ఆ తర్వాత నన్ను తిట్టుకుందురుగాని."

కానిస్టేబుల్ నాలుగు దెబ్బలకి గొళ్లెం ఊడింది. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. బలమైన మనిషి, తెల్లబడుతున్న మీసం. ఈ కేసు అతను రెండు గంటల్లో మూసేశాడు. మళ్లీ తెరవమని డిటెక్టివ్ మూడుసార్లు స్టేషన్‌కి వెళ్తే, మూడుసార్లూ బెంచీ మీద కూర్చోబెట్టి పంపించేశాడు.

"చూడండి మేడమ్. అప్పుల్లో ఉన్నాడు. జేబులో నోటీసుంది. మేడెక్కాడు, దూకాడు. కడుపు నింపుకోడానికి మీరు చావుని కూడా హత్యగా మార్చేస్తే ఎలా?"

"మీ ఎడమ బూటు పైకెత్తండి."

"ఏంటీ?"

"అడుగు భాగం చూపించండి."

కానిస్టేబుల్ తల తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. అయినా చూపు తనంతట తనే కిందికి పోయింది. కాలు కొంచెం లేపాడు. అడుగున గాడుల నిండా తెల్లటి రంగు గట్టిపడి ఉంది.

"మేడ కురుస్తోందని ఆ రోజు దాని మీద తెల్ల పూత వేశారు. రెండో పూత ఒంటిగంటా పదిహేనుకి అయిపోయింది. సాయంత్రం అయిదు దాకా ఆరదు. వేసిన పెయింటర్‌ని పొద్దున కలిశాను. మీరు మూడూ పదికి ఎక్కి అంతా తొక్కేశారని ఇప్పటికీ తిడుతున్నాడు." డిటెక్టివ్ సంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద దులిపింది. ఒక జత నల్ల బూట్లు. "ఇవి అతనివి. ఒంటి మీద నుంచి తీసి, మీ స్టేషన్ సీలుతో మీరే ఇంటికి పంపారు. తిప్పి చూడండి. తెలుపనేది చుక్కయినా ఉందా?"

ఇన్‌స్పెక్టర్ బూటు తీసుకున్నాడు. తిప్పాడు. రెండోది తీసుకున్నాడు. అడుగున మామూలు దుమ్ము తప్ప ఏమీ లేదు.

"అరిగిపోయి ఉంటుంది," అన్నాడు. ఆ మాట అతనికే రుచించలేదు.

"మీకు తొమ్మిది రోజులు నడిచినా అరగలేదు. అతను మేడ మీద నుంచి గాల్లోకి అడుగేస్తే అరిగిపోయిందా? అతను మేడెక్కలేదు ఇన్‌స్పెక్టర్ గారూ. ఈ కిటికీలోంచి పడ్డాడు. పట్టీ చూడండి, గట్టు చూడండి. కింద ఏముందో చూడండి." చిన్న పుస్తకం తెరిచి ముందుకి తోసింది. "ఈ గదికి తాళంచెవి ఒకటే. ఆ రోజు కూడా మేనేజర్ నడుముకే ఉందని ఆయనే సంతకం పెట్టి ఇచ్చాడు. రద్దు కాగితాలు అసలువి చూపిస్తేనే కడతానని అల్లుడు పట్టుబట్టుంటాడు. వీడియో నడుస్తుండగా మేనేజర్ చీకట్లో బయటికొచ్చి, చూపించడానికి అతన్నిక్కడికి తీసుకొచ్చాడు. అతను చూడకూడనిది చూసేశాడు."

"ఏం చూశాడు?"

"మామగారి సంతకం. ఫిల్టరు వాళ్లింట్లోనే పనిచేస్తోందని అతనికంటే ఎవరికి తెలుసు? నలభై ఒక్క మందీ వాయిదాలు కడుతూనే ఉన్నారు. మానేసినవాడి దగ్గర కమీషన్ వెనక్కి రాబట్టి, అదే కస్టమర్లని తన పేరు మీద రాసుకుని మళ్లీ కమీషన్ తింటున్నాడు మీ మేనేజర్. ఇతనికంటే ముందు మానేసిన వాళ్ల ఫైళ్లు అదిగో, ఆ ర్యాకులో పధ్నాలుగున్నాయి."

ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గరికి వెళ్లి వంగి కిందికి చూశాడు. వెనక్కి తిరిగేసరికి మొహంలో కోపం పోలేదు గానీ, అది ఇంకొకరి మీదికి మళ్లింది.

"మేనేజర్ ఎటు వెళ్లాడు?" కానిస్టేబుల్ని అడిగాడు.

"రిసెప్షన్ అమ్మాయి చెప్పింది సార్, అరగంటైందట వెళ్లి. పోయినవాడి సర్వీసు ఫైలు తీసి, ఇంటి అడ్రస్ రాసుకుని వెళ్లాడట."

మామగారు అప్పుడు కదిలాడు. ర్యాకుని గుద్దుకుని, కానిస్టేబుల్ని నెట్టుకుని, మెట్లమీద పడుతూ లేస్తూ దిగాడు. రిసెప్షన్లో ఇచ్చిన తన ఫోన్ అందుకుని నంబరు నొక్కేసరికి మిగతావాళ్లు వెనకే వచ్చారు. ఇన్‌స్పెక్టర్ ఒక్క మాట లేకుండా జీపు దగ్గరికి నడిచి స్టార్ట్ చేశాడు. అందరూ ఎక్కారు.

నాలుగోసారి మోగాక కూతురు ఎత్తింది. మామగారు స్పీకర్ పెట్టాడు.

"నాన్నా, నేనే చేద్దామనుకుంటున్నా. ఆయన కంపెనీ మేనేజర్ గారొచ్చారు." ఆ గొంతులో తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి కాస్త తేలిక వినిపించింది. "బాకీ మొత్తం కొట్టేశారట. మీ మీద కూడా ఏమీ లేదట. ఆ డైరీ ఒక్కటి ఇస్తే ఫైలు మూసేస్తామంటున్నారు. పాపం, కాగితం కూడా రాసి తెచ్చారు."

మామగారు "అమ్మా" అనబోయాడు. డిటెక్టివ్ ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అమ్మాయీ, నేను. మీ నాన్న పెట్టుకున్న డిటెక్టివ్‌ని. మొహం మార్చకు. ఆ మేనేజర్ నీకు కనిపిస్తున్నాడా?"

"ఆఁ."

"వంటింట్లోంచి వెనక వైపు దారుందా?"

"ఉంది."

"నన్ను పిన్నీ అని పిలువు. ఏదో మాట్లాడుతూ వంటింట్లోకి నడువు. డైరీ సంగతి వదిలెయ్. గుమ్మం దాటాక పరిగెత్తు. మేం దగ్గరికొచ్చేశాం."

"సరే పిన్నీ," అంది కూతురు. గొంతు వణకలేదు. తండ్రి పోలిక. "లేదు పిన్నీ, ఇంకా భోంచెయ్యలేదు. ఉండు, పొయ్యి మీద పాలు పెట్టాను, చూసొస్తా."

అడుగుల చప్పుడు. రెండు, మూడు, నాలుగు. ఇన్‌స్పెక్టర్ మలుపు దగ్గర బ్రేకు తొక్కకుండానే తిప్పాడు. మామగారు ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఫోన్లో అడుగులు ఆగిపోయాయి. దానికి చాలా దగ్గరగా, మర్యాదగా, మేనేజర్ గొంతు వినిపించింది.

"ఎవరమ్మా ఫోన్లో?"

"మా పిన్నండీ."

"పిన్నా?" ఇంకో అడుగు ముందుకేసిన చప్పుడు. "మీ అమ్మగారికి గానీ నాన్నగారికి గానీ తోబుట్టువులే లేరని మీ ఆయన చెబుతుండేవాడే. ఏదీ, ఆ ఫోనిలా ఇవ్వండి."